అప్పాజీ ఇంజనీరు గారి మర్యాద

అప్పాజీ నోట "నాకు తెలీదండి" అన్న మాట విన్నవాళ్ళు కడియం చుట్టుపక్కల ఒక్కరూ లేరు. అక్కడివాళ్ళు ఈ సంగతి ఆయన గొప్పతనంగా చెబుతారు. నేను రాస్తున్నది మాత్రం ఆ ఉద్దేశంతో కాదు.

నేను దేశంలో చాలాచోట్ల దారి అడిగినవాణ్ణి. బస్తరులో ఒకసారి సంతకు పోతున్న మనిషిని ఆపి అడిగితే, నా మొహం కాసేపు చూసి, తెలియదని చెప్పి తన దారిన తాను పోయాడు. ఆ మనిషంటే నాకు ఇప్పటికీ గౌరవం. కచ్‌లో ఒక గొర్రెల కాపరి, తాను ఎదురుగా ఉన్న గుట్ట దాటి ఎప్పుడూ పోలేదు కాబట్టి అవతల ఏముందో చెప్పలేనన్నాడు. తత్వశాస్త్రం పుస్తకాలు మోపులకొద్దీ చదివాను గానీ అంత నికార్సయిన వాక్యం వాటిలో తగల్లేదు. గోదావరి జిల్లాల్లో ఇలాంటివి జరగవు. సైకిలు మీద పోతున్నవాడు దిగుతాడు, స్టాండు వేస్తాడు, తమరిది ఏ ఊరని అడుగుతాడు, భోజనం అయ్యిందా అని అడుగుతాడు, ఎండలో నిలబడ్డారంటూ నీడలోకి జరుపుతాడు. ఇంతా చేసి తప్పుదారి చెబుతాడు. తెలియదనడం వాళ్ళ లెక్కలో గుమ్మంలోకి వచ్చినవాణ్ణి మంచినీళ్ళు కూడా ఇవ్వకుండా పంపెయ్యడం. ఆ మర్యాద పుణ్యాన రామచంద్రపురం వెళ్ళాల్సినవాణ్ణి మండపేటలో తేలాను, అదీ రెండుసార్లు.

ఆ మర్యాదంతా ఒకచోట పోగేసి, జేబులో నాలుగు పెన్నులు గుచ్చితే అప్పాజీ. నాలుగింటిలో ఒకటి పెన్ను కాదు, టెస్టరు.

వేమగిరిలో పుట్టాడు. తండ్రి కాలవ లాకుల దగ్గర తలుపులు ఎత్తి దించే పని చేసేవాడు. ఆయనకి వచ్చింది ఆ ఒక్క పనే, అది మాత్రం పూర్తిగా వచ్చు. కొడుకు ఆ దారిన పోలేదు. పదో తరగతి రెండుసార్లు తప్పి టేపురికార్డర్ల రిపేరు మొదలుపెట్టాడు. విప్పడం బాగా వచ్చు. బిగించాక రెండు మూడు మరలు మిగిలేవి. వాటిని కాగితంలో పొట్లం కట్టి, కంపెనీవాళ్ళు ఎక్కువ వేశారని చెప్పి యజమాని చేతికే ఇచ్చేవాడు. ఒక్కరూ ఎదురు అడగలేదు. పైగా ఎంత నిజాయితీ అనుకున్నారు.

టేపురికార్డర్ల తరవాత స్టెబిలైజర్లు, వాటి తరవాత టీవీలు, ఆ తరవాత డాబాల మీద డిష్షులు. కంప్యూటర్లు వచ్చాక రాజమండ్రిలో ఆర్నెల్ల కోర్సులో చేరాడు. నాలుగో నెలలో ఆ ఇన్‌స్టిట్యూట్ మూతపడింది. మూసేవాడు పోతూ పోతూ అందరికీ ఆర్నెల్ల సర్టిఫికెట్లు పంచాడు. అప్పాజీ తనది గాజుపటం కట్టించి షాపులో తగిలించాడు. ఇంజనీరు అన్న మాట ఆయన పెట్టుకున్నది కాదు, ఊరు పెట్టింది. చేతికి వస్తువు ఇచ్చేటప్పుడు గౌరవం కూడా కలిపి ఇస్తే బాగా చూస్తాడని ఆశ.

ఆయన వైద్యం ఒకటే. ఫార్మాట్. కంప్యూటరు లోపల ఉన్నదంతా చెరిపేసి కొత్తగా మొదలుపెట్టడం. జ్వరమొచ్చినా గోరు చుట్టు వచ్చినా ముందు మనిషిని చంపి, ఆనక కొత్త మనిషిని పుట్టించే వైద్యుణ్ణి ఊహించుకోండి. ఒక బడి పదేళ్ళ మార్కుల పట్టీలు పోగొట్టుకుంది. ఒక స్టూడియో నలభై పెళ్ళిళ్ళ ఫోటోలు పోగొట్టుకుంది. ఎక్కడా గొడవ జరగలేదు. శుభ్రం చేసి పెట్టారంటూ కాఫీ ఇచ్చి పంపారు.

నేను ఆయన్ని చూసింది 2004 వేసవిలో, సత్యప్రసాద్ నర్సరీలో. మొక్కల లారీలో నాగపూర్ దాకా తీసుకెళ్ళడానికి డ్రైవరు ఒప్పుకున్నాడు గానీ లారీకి గేరుబాక్సు చెడి మూడు రోజులు ఆగాల్సి వచ్చింది. నర్సరీ ఆఫీసు రేకుల షెడ్డులో ఒక బల్ల నాకు దొరికింది. ఆ మూడు రోజులూ చూసిందే ఇది.

ఆ ఆఫీసులో కంప్యూటరు ముందు కూర్చునే ఆవిడ పేరు వీరవేణి. ముప్పై ఏళ్ళుంటాయి. ఏడాది కిందటి దాకా అదే నర్సరీలో సంచులు నింపే కూలి. ఎర్రమట్టి, గత్తం, కొబ్బరిపొట్టు కలిపి, నల్ల పాలిథిన్ సంచుల్లో కూరి, వరుసలు పేర్చాలి. పొద్దున్న ఏడింటికి వంగితే మళ్ళీ నడుము ఎత్తేది అన్నానికే. గోళ్ళ కింద మట్టి పండగనాడు కూడా పోదు. పెళ్ళికి ముందు టైపు లోయరు పాసయిందని ఎవరో చెబితే సత్యప్రసాద్ ఆవిణ్ణి కుర్చీలోకి పిలిచాడు. తన నర్సరీలో ఉన్న మొక్కలన్నిటి జాబితా తయారుచేయమన్నాడు. ఆరెకరాలు, తొమ్మిది వందల పైచిలుకు రకాలు. ఒక్కొక్క మడి దగ్గరకీ నోటుబుక్కుతో వెళ్ళి, పేరేమిటో, ఎంత ఎత్తు పెరుగుతుందో, ఎండ కావాలో నీడ కావాలో, ఏ నెలలో నాటాలో అంట్లు కట్టేవాళ్ళని అడిగి రాసుకుని, వచ్చి టైపు చేసేది. పదకొండు నెలలు పట్టింది. జాబితా అచ్చయిన రోజు నుంచి ఆ కుర్చీ ఆవిడకి ఖాయమని సత్యప్రసాద్ మాటిచ్చాడు. అచ్చు కాకపోతే కుర్చీ ఎందుకన్నది ఆయన చెప్పలేదు గానీ ఆవిడకి తెలుసు. షెడ్డు కిటికీలోంచి చూస్తే ఎదురుగా మట్టిగుట్టే.

నోటుబుక్కు ఏమైందని అడుగుతారు కదా. ఎలాగూ కంప్యూటర్లోకి ఎక్కింది కదా అని, రాయపూర్ వెళ్ళే గులాబీ అంట్లకి వేళ్ళ చుట్టూ తడి కాగితం కావలసి వస్తే, సత్యప్రసాదే చించి ఇచ్చాడు. కాగితం మీద ప్రింటు తీసి ఉంచుదామని వీరవేణి ఒకసారి అంటే అప్పాజీ నవ్వాడట. కంప్యూటర్లో ఉన్నది మళ్ళీ కాగితం మీద పెట్టడమంటే కంప్యూటర్ని అవమానించడమేనన్నాడట. పోనీ ఫ్లాపీల మీదికి ఎక్కిద్దామంటే అవి బూజుపడతాయన్నాడట. ఆయన చెప్పాక ఇంకేముంది.

కంప్యూటరు ఎందుకు చెడిందో నాకే అర్థమయింది, అంటే ఎవరికైనా అర్థమవ్వాలి. మొక్కలకి నీళ్ళు తోడే మోటారూ ఇదీ ఒకే లైను మీద ఉన్నాయి. మోటారు వేసినప్పుడల్లా షెడ్డులో బల్బు కొడిగట్టేది, కంప్యూటరు ఆగి మళ్ళీ మొదలయ్యేది. ఆ తగ్గుదల తట్టుకోవడానికే యూపీఎస్ ఉంది. కానీ దానికి అప్పాజీ తగిలించింది సత్యప్రసాద్ గారి టేబుల్ ఫ్యాను. వేసవి కదండీ, పెద్దాయన ఇబ్బంది పడకూడదన్నాడు. అలా రోజుకి నాలుగుసార్లు ఆగి లేచిన కంప్యూటరు ఒకరోజు లేవడం మానేసింది. ఆన్ చేస్తే బొమ్మ వస్తుంది, నీలం తెర మెరుస్తుంది, దానంతటది ఆరిపోయి మళ్ళీ మొదలవుతుంది. బొమ్మ, నీలం, చీకటి. బొమ్మ, నీలం, చీకటి. చేతకాని ప్రభుత్వాల చరిత్ర కూడా ఇంత క్లుప్తంగా ఎవరూ రాయలేదు.

అప్పాజీ వచ్చాడు. మొదట కాఫీ తాగాడు. వీరవేణి ఆయనకి ఒక్కటే చెప్పింది, జాబితా పోకూడదని. అందుకు ఆయన ఫార్మాట్ పక్కన పెట్టి, సీడీ వేసి, లోపలున్నది చెరపకుండా రిపేరు చేయడానికి ఒప్పుకున్నాడు. తన జీవితంలో ఆ పని అదే మొదటిసారి అని మాత్రం చెప్పలేదు.

సీడీ పెట్టి ఆన్ చేస్తే నల్లటి తెర మీద ఇంగ్లీషులో ఒక వాక్యం వస్తుంది: సీడీ నుంచి మొదలుపెట్టాలంటే ఏదైనా ఒక మీట నొక్కండి. పక్కన చుక్కలు ఒక్కొక్కటే పడతాయి. నాలుగైదు చుక్కలు పడేలోగా నొక్కాలి. అప్పాజీ నొక్కాడు. నీలం తెర వచ్చింది. రిపేరు కోసం ఇంకో మీట నొక్కాడు. పసుపుపచ్చ గీత ఒకటి ఇరవై నిమిషాలు పాకింది. ఆ తరవాత కంప్యూటరు దానంతటది ఆగి మళ్ళీ మొదలైంది. మళ్ళీ ఆ వాక్యం, మళ్ళీ చుక్కలు. అప్పాజీ మళ్ళీ నొక్కాడు. మళ్ళీ నీలం తెర, మళ్ళీ మొదట్నుంచి పసుపు గీత, ఇరవై నిమిషాలు, ఆగడం, వాక్యం, చుక్కలు, అప్పాజీ వేలు.

సాయంత్రానికి ఏడు సార్లు అయ్యింది. ప్రతి సారికీ ఒక కారణం ఉండేది. మొదటిసారి సీడీ మీద దుమ్ము, చొక్కా అంచుతో తుడిచాడు. తరవాత ఓల్టేజీ. తరవాత ర్యామ్, దాన్ని ఊడదీసి పెన్సిలు రబ్బరుతో రుద్దాడు. తరవాత లోపలి బోర్డుకి వేడి చేసింది, సత్యప్రసాద్ గారి ఫ్యాను దాని వైపు తిప్పాడు. చివరికి బల్ల దక్షిణం చూస్తోందని నలుగురి చేత తూర్పుకి తిప్పించాడు. ఒక్క కారణం చెప్పడానికి కూడా తడుముకోలేదు.

ఆ వాక్యానికి అర్థం నేను తెలుగులో చెప్పాను. మొదలుపెట్టాలంటేనే నొక్కమంటోంది కదా, ప్రతిసారీ మొదలుపెట్టాలా అని అడిగాను. ఆయన నన్ను జాలిగా చూశాడు.

"ఇది టెక్నికల్ ఇంగ్లీషండి. మీరు చదివింది సాహిత్యం ఇంగ్లీషు," అన్నాడు. తరవాత గొంతు తగ్గించి, "అయినా అది అంత ఇదిగా అడుగుతుంటే పలక్కుండా ఎలా కూర్చుంటామండీ. అడిగినోళ్ళకి బదులివ్వకపోవడం మా ఇంటా వంటా లేదు."

ఈ మాట తమాషాకి అనలేదు. యంత్రమయినా సరే, తన ముందుకొచ్చి ఒకటి అడిగితే బదులివ్వాలి. బదులు సరయినదా కాదా అన్నది తరవాతి సంగతి, మర్యాద ముందు.

రెండో రోజు మధ్యాహ్నం పసుపు గీత చివరికి వస్తుండగా అప్పాజీ సెల్‌ఫోను మోగింది. ఆ షెడ్డులో సిగ్నలు నిలవదు. మాట తెగకుండా పరుగున గేటు దాకా వెళ్ళాడు. కంప్యూటరు ఆగి మొదలైంది. వాక్యం వచ్చింది. చుక్కలు పడ్డాయి. నొక్కే వేలు లేదు. చుక్కలు వాటంతటవి ఆగిపోయి, రెండు రోజుల్లో ఎవరూ చూడని కొత్త తెర ఒకటి వచ్చింది. ఇంకా ముప్పై తొమ్మిది నిమిషాలు పడుతుందని ఒక మూల రాసి ఉంది. వీరవేణి కుర్చీలోంచి లేచి నిలబడింది.

అప్పాజీ తిరిగొచ్చి తెర చూశాడు. మొహం పాలిపోయింది.

"ఎవరు ముట్టుకున్నారమ్మా?"

"ఎవరూ ముట్టుకోలేదండి."

"అందుకే ఇలా అయ్యింది," అని ప్లగ్గు పీకేశాడు.

లోకంలో మూర్ఖత్వం గురించి చాలా చదివాను. పెద్ద పెద్ద సైన్యాలు దారితప్పి ఎడారుల్లో చచ్చిన కథలు చదివాను. అవన్నీ దారి కనపడక జరిగినవి. ఎదురుగా దారి తెరుచుకుంటే చూసి భయపడి తలుపేసినవాణ్ణి అక్కడే చూశాను.

మూడో రోజు పొద్దున్న ఇంకో రెండు రౌండ్లు అయ్యాక అప్పాజీ చేతులు దులిపి, సత్యప్రసాద్‌ని పిలిచాడు. హార్డ్ డిస్కుకి లోపల రోగం ముదిరిందనీ, ఇక ఫార్మాట్ తప్పదనీ చెప్పాడు. ఫార్మాట్ అంటే ఏంటండీ అని సత్యప్రసాద్ అడిగాడు. శుభ్రం చెయ్యడమేనండీ అన్నాడు ఈయన. శుభ్రమైతే మంచిదే కదా అన్నాడాయన. ఆ నర్సరీలో కొమ్మ ఎండితే చిగురు ఎక్కడ పచ్చగా ఉందో గోటితో గీరి చూసి గానీ కత్తెర పెట్టనివ్వని మనిషి ఆయన. కంప్యూటరు దగ్గరకొచ్చేసరికి గోరు పని చెయ్యలేదు.

"నా మొక్కల లిస్టు?" అంది వీరవేణి.

"పోద్దమ్మా. మళ్ళీ కొట్టుకుందువుగాని," అన్నాడు అప్పాజీ, చెప్పులు సవరించమన్నంత తేలిగ్గా.

సత్యప్రసాద్ ఇబ్బందిగా కదిలాడు. మళ్ళీ పదకొండు నెలలంటే కష్టమే అన్నాడు. రైతుల సంఘంలో ఎవరి దగ్గరో లిస్టు ఉందేమో చూస్తానన్నాడు. ఈలోగా నువ్వు, అని ఆగి, కిటికీ వైపు చూశాడు. ఆగస్టుకి సంచులు చాలా కావాలన్నాడు. ఆ మాట కూడా ఎంతో మర్యాదగానే అన్నాడు.

వీరవేణి ఏడవలేదు, వాదించలేదు. భోజనాల వేళయిందనీ, ఇంజనీరు గారు తినేసి వచ్చి నిదానంగా ఫార్మాట్ చేస్తే బాగుంటుందనీ అంది. సత్యప్రసాద్ ఇంట్లో ఆ రోజు పనసపొట్టు కూర. ఆవ పెట్టిన పనసపొట్టు ముందు ఏ హార్డ్ డిస్కు రోగమయినా గంటసేపు ఆగుతుంది. ఇద్దరూ వెళ్ళారు.

వాళ్ళు గేటు దాటాక ఆవిడ కంప్యూటరు ఆన్ చేసింది. మొదటిసారి వాక్యం వచ్చినప్పుడు ఒక మీట నొక్కింది. నీలం తెరలో రిపేరు మీట నొక్కింది. మూడు రోజులుగా చూస్తున్నదే. తరవాత రెండు చేతులూ వెనక్కి తీసి పమిట కింద పెట్టుకుంది. పసుపు గీత పాకి, కంప్యూటరు ఆగి, మళ్ళీ వాక్యం వచ్చింది. చుక్కలు పడుతుంటే ఆవిడ పెదాలు బిగించి చూసింది. చుక్కలు ఆగాయి. ముప్పై తొమ్మిది నిమిషాల తెర వచ్చింది.

జరిగింది ఇంతే. మొదలుపెట్టడానికి ఒకసారి నొక్కాలి. ఆ తరవాత సీడీ లోపల ఉన్నంతకాలం ఆ యంత్రం ప్రతిసారీ అదే అడుగుతుంది, పలక్కపోతే ఊరుకుని తన పని ఎక్కడ ఆగిందో అక్కడ్నుంచి అందుకుంటుంది. పలికితే చేసినదంతా వదిలేసి మళ్ళీ మొదటికి వస్తుంది. అప్పాజీ రెండున్నర రోజుల్లో ఇరవై సార్లు పలికాడు.

మధ్యలో ఇంకో ప్రశ్న వచ్చింది. ఇరవై అయిదు అక్షరాలు, అంకెలు అడిగింది. వీరవేణి ఒక్క క్షణం తటపటాయించి, సీడీ కవరు మీద మార్కరుతో రాసి ఉన్నవి చూసి తప్పులేకుండా కొట్టింది. ఈ ప్రశ్నకి చుక్కలు లేవు, పలికేదాకా అది కదలదు, అందుకని దీనికి చెప్పాలి అని నాతో అంది. దేనికి పలకాలో దేనికి పలకకూడదో తెలిసిన మనుషులు ఆ జిల్లాలో ఉన్నారని నాకు అప్పటిదాకా తెలియదు.

ఎలా కనిపెట్టావమ్మా అని అడిగితే ఆవిడకి నా ప్రశ్నే వింతగా తోచింది. నిన్న ఎవరూ నొక్కకపోతే ముందుకెళ్ళింది కదండీ అంది. అంటు కట్టాక అతుక్కుందా లేదా అని రోజూ తాడు విప్పి చూసే కుర్రాళ్ళని మేస్త్రి ఎలా తిడతాడో చెప్పింది. ఆ తిట్లు ఇక్కడ రాయను.

ముప్పై తొమ్మిది నిమిషాలు తగ్గుతూ తగ్గుతూ ఒకటికి వచ్చేసరికి వాళ్ళు తిరిగొచ్చారు. అప్పాజీ పళ్ళు కుట్టుకుంటూ ఉన్నాడు. తెర చూసి పుల్ల కింద పారేశాడు. ఆయన నోరు తెరిచేలోగా కంప్యూటరు ఆఖరిసారి ఆగి మొదలైంది. నల్లటి తెర. వాక్యం. మొదటి చుక్క.

అప్పాజీ వేలు చాచి ముందుకి వంగాడు. పాపం దాన్లో దురుద్దేశం ఏమీ లేదు. యంత్రం అడుగుతోంది, ఆయన పలకబోతున్నాడు.

వీరవేణి కీబోర్డు ఎత్తి ఒళ్ళో పెట్టుకుంది. రెండు చేతులూ దాని మీద కాకుండా దాని కింద పెట్టింది.

"అది అడుగుతుందమ్మా," అన్నాడు అప్పాజీ.

"అడగనివ్వండి. మనం పలకొద్దు."

"టైమైపోద్ది. ఇటివ్వమ్మా."

"కుర్చీ నాదండి," అంది ఆవిడ. గొంతు పెంచలేదు, అండి కూడా మానలేదు. "ఇది అయిపోయాక మీ ఇష్టం."

ఇంజనీరు గారి చేతిని కూలి మనిషి అడ్డుకోవడం సత్యప్రసాద్ ఎప్పుడూ చూసి ఉండడు. ఏం చెయ్యాలో తోచక ఫ్యాను వెయ్యమన్నాడు. ఎవరూ కదల్లేదు. రెండో చుక్క, మూడో చుక్క, నాలుగు. ఆగిపోయాయి. కాసేపు ఏమీ లేదు. ఆ తరవాత పాత నేపథ్యం, ఎర్ర మందారం బొమ్మ, దాని మీద మూలగా వీరవేణి అని పేరున్న ఫోల్డరు. తెరిచింది. అ దగ్గర అశోకం నుంచి మొదలై తొమ్మిది వందల రకాలూ ఉన్నాయి.

"చూశారా," అన్నాడు అప్పాజీ సత్యప్రసాద్‌తో. "మూడ్రోజులు వేడెక్కించాం కదండీ, దారికొచ్చేసింది. వేరేవాళ్ళయితే మొదటిరోజే ఫార్మాట్ కొట్టేసేవాళ్ళు."

సత్యప్రసాద్ ఆయనకి రెండు కనకాంబరం మొక్కలు, ఒక సంపెంగ అంటు ఇచ్చి, సైకిలుకి కట్టించి మరీ పంపాడు. వీరవేణిని ఒక్క మాటా అనలేదు. ఇంజనీరు గారి ముందు అలా చెయ్యకూడదమ్మా అని మాత్రం అన్నాడు. మర్నాడు నేను లారీ ఎక్కాను.

రెండేళ్ళ తరవాత ఆ దారిన వచ్చాను. జాబితా అచ్చయింది. లోపలి అట్ట మీద సాంకేతిక సహకారం ఇంజనీర్ అప్పాజీ గారు అని ఉంది. ఆ పేజీ టైపు చేసింది కూడా వీరవేణే. ఆవిడ పేరు ఎక్కడా లేదు, కానీ ఆవిడ కుర్చీలో ఉంది. టేబుల్ ఫ్యాను గోడ ప్లగ్గులో ఉంది, యూపీఎస్ కంప్యూటరుకి ఉంది. ప్రతి శనివారం జాబితాని రెండు ఫ్లాపీల మీదికి ఎక్కించి ఒకటి ఇంటికి పట్టుకెళ్ళి బియ్యం డబ్బాలో పెడుతుందట. బూజు పట్టిందా అని అడిగాను. లేదండి అంది.

మాట్లాడుతుండగా అప్పాజీ వచ్చాడు. ఇప్పుడు సెల్‌ఫోన్లు బాగుచేస్తున్నాడు. విప్పడం ఇంకా బాగా వచ్చిందన్నాడు. దారిన పోతూ కంప్యూటరు ఎలా నడుస్తోందో ఒకసారి చూసిపోదామని వచ్చానన్నాడు. వీరవేణి లేచి, రండి ఇంజనీరు గారూ, కూర్చోండి, అని పక్కన ఇంకో కుర్చీ లాగి వేసి, తన కుర్చీలో కూర్చుంది. కాఫీ తెప్పించింది. ఇంట్లో అందరూ బాగున్నారా అని అడిగింది. ఆ జిల్లా మర్యాదలో ఏ ఒక్కటీ తగ్గించలేదు.

ఆయన కాఫీ తాగి లేచి గేటు దాటేదాకా కీబోర్డు ఆవిడ ఒళ్ళోనే ఉంది.